సోములమ్మ బంగారుకోడి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా పెద్దమ్మ సోములమ్మ నోరు మంచిది కాదు. ఊరు మంచిదో కాదో ఆవిడ ఏనాడూ పట్టించుకోలేదు. నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని, సరళని. ఇదే ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. రోజూ ఆవిడ చేత తిట్లు తినేదాన్ని కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకే ఎక్కువ.

అనంతగిరి దగ్గర మాది ముప్పై ఇళ్ల ఊరు. పెద్దమ్మకి ఇరవై రెండేళ్లప్పుడు మొగుడు జ్వరంతో పోయాడు. ఆచారం ప్రకారం మరిది ధర్మ ఆవిణ్ని చేసుకోవాలి. పెద్దలు జీలుగుకల్లు కుండ మధ్యలో పెట్టుకుని కూర్చుని మాట ఖాయం చేసేశారు. పెద్దమ్మ వచ్చి ఆ కుండని కాలితో ఒక్క తన్ను తన్ని, "నన్నెవులైనా అడిగినారేటి?" అని వెళ్లిపోయింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అప్పుడే పేరు పడింది.

తర్వాత అరకు రోడ్డు మీద ఒక రిసార్టులో ఊడ్చే పనికి చేరింది. అక్కడ టూరిస్టుల కోసం రంగురంగుల పక్షుల్ని పెంచేవారు. వాటిలో గోల్డెన్ ఫెజెంట్లని రెండు జతలు ఉండేవి. చైనా పక్షులట. మగదానికి నెత్తిన పసుపు జుట్టు, మెడ చుట్టూ నల్లగీతల నారింజ రంగు ఈకలు, ఎర్రటి పొట్ట, మూరెడు తోక. వాటిని చూసే మనిషి మానేస్తే ఆ పని పెద్దమ్మ మీద పడింది. పదకొండేళ్లు చేసింది. ఫెజెంటు భయపడితే పక్కకి పారిపోదు, నిట్టనిలువునా ఎగురుతుంది. పైన రేకుంటే నెత్తి పగిలి చస్తుంది. అందుకని మెత్తటి వల కట్టాలి. ఎండ ఎక్కువ తగిలితే ఈకల రంగు వెలిసిపోతుంది. నాటుకోళ్లు తిరిగిన నేల మీద వదిలితే రోగం పడుతుంది. ఇవేవీ ఆవిడకి ఎవరూ నేర్పలేదు. చచ్చిన పక్షుల్ని చూసి నేర్చుకుంది.

రిసార్టు మూతపడేసరికి ఒక్క మగదే మిగిలింది. దాన్ని కూర వండేసుకుందామని అక్కడి వాళ్లు అనుకుంటూంటే, ఓనరుకి ఫోన్ చేసి అడిగి, దాన్ని కొంగులో చుట్టుకుని బస్సెక్కేసింది. తన కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన పచ్చ వలతో గూడు కట్టింది. పొద్దున్నే లేచి పుట్ట తవ్వి చెదలు తెచ్చేది. సామలు నానబెట్టి పెట్టేది. ఊళ్లో పిల్లలు దానికి బంగారుకోడని పేరు పెట్టారు. ఆవిడకి పిల్లల్లేరు. ఆ పక్షితో మాట్లాడినంత మెత్తగా మాలో ఎవరితోనూ మాట్లాడి ఎరగదు. నాకు కుళ్లుగానే ఉండేది, దాచుకోవడం దేనికి?

ఒకసారి ఫారెస్టు గార్డు వచ్చి, అడవి పక్షిని పెంచడం నేరమన్నాడు. "నీ అడివిలో ఇలాటిది ఇంకోటి సూపించు బాబూ, దీన్ని నీకిచ్చేత్తాను" అంది. అతను సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంతలో కాఫీ కాయకి పురుగు పట్టింది. మందులు కొట్టారు, కాయలు ఏరి తగలబెట్టారు, అయినా పోలేదు. చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ఆ పండగకి విత్తనాలు మా ఊరి దేవత, తల్లి ముందు పెట్టి కోడిని కోస్తాం. మా దిసారి, అంటే పూజ చేసే పెద్ద, గాసి పెదనాన్న. పెద్దమ్మకి స్వయానా బావగారు. ఆయన కల్లోకి పసుపు తల కోడి వచ్చిందట. రాదేం మరి? రోజూ ఆ గూటి ముందు నుంచేగా నడుస్తాడు!

పండగనాడు తెల్లారేసరికి ఊరు ఊరంతా గూటి ముందుంది. ఆవిడ నల్లకోడిని ఇస్తానంది. మేకనిస్తానంది. ధర్మ ముందుకొచ్చాడు. "తల్లి అడిగింది దీన్ని. నీ ఒక్కదాని కోసం ఊరి పంట పోవాలేటి?"

"నాకు లేదేటి పంట? నా కాయకి పట్టలేదేటి పురుగు?"

గంటసేపు అరుచుకున్నారు. చివరికి గాసి పెదనాన్న ఆచారం ప్రకారం చూద్దామన్నాడు. కోసే ముందు కోడి ముందు గింజలు పోస్తాం. ముక్కున కరుచుకుని తింటే తల్లి మెచ్చినట్టు, కోడి ఒప్పుకున్నట్టు. ముట్టకపోతే దాన్ని వదిలేస్తాం.

పెద్దమ్మ నవ్వింది. "అది నా సేతిలో తప్ప తినదు. పొయ్యండి. ముడితే అట్టుకుపోండి."

ఆ పక్షి కొత్తవాళ్లని చూస్తే మూలకి నక్కుతుంది, అది నిజమే. కానీ తెల్లారిందగ్గర్నుంచీ గొడవలో పడి ఆవిడ ఆ వేళ దానికి మేత పెట్టలేదు. ఆ సంగతి ఆవిడకి గుర్తులేదు. నాకు గుర్తొచ్చేసరికి గాసి పెదనాన్న గుప్పెడు బియ్యం గూట్లో నేల మీద పోసేశాడు.

బంగారుకోడి మూలనుంచి నాలుగడుగులు వేసింది. మెడ సాచింది. ఒక గింజ తింది. ఇంకోటి తింది. తర్వాత గబగబా తినడం మొదలుపెట్టింది.

"మెచ్చింది! తల్లి మెచ్చింది!" అని జనం కేకలు. గాసి పెదనాన్న కత్తి తీశాడు.

పెద్దమ్మ గూట్లోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. మిగిలిన గింజల్ని మట్టితో సహా పోగుచేసి నోట్లో వేసుకుంది. కరకర నమిలి మింగింది. తల వంచి మెడ మీది జుట్టు పక్కకి తీసుకుంది.

"నానూ తిన్నాను బావా. కొయ్యి."



"మాటిచ్చావు కదే!" అన్నాడు ధర్మ.

"ఇచ్చాను. తప్పుతన్నాను. తల్లికి నానే సెప్పుకుంటాను. ఆకలేసి తింది రా అది! ఆకలికి తింతే సావడానికి ఒప్పుకున్నట్టేటి? అలాగైతే మనవందరం రోజుకి రెండుసార్లు ఒప్పుకుంతన్నాం!"

గాసి పెదనాన్న కత్తి దించేశాడు. "లెగు, సోములమ్మా. మడిసిని కోసీ ఆచారం మనకి లేదు" అన్నాడు.

మాట తప్పినందుకు పెద్దలు తప్పు వేశారు. మేకని ఇమ్మన్నారు. మారుమాట లేకుండా విప్పి ఇచ్చింది. నల్లకోడిని కూడా తనే చంకన పెట్టుకుని తల్లి దగ్గరికి తెచ్చింది. గాసి పెదనాన్న దాని ముందు గింజలు పోశాడు. అది టకటకా తినేసింది. ఆయన చెయ్యి కత్తి మీదికి వెళ్లలేదు. ఆయనా, ధర్మా, మేమందరం పెద్దమ్మ వైపు చూశాం.

"నన్నేటి సూత్తారు? కొయ్యి బావా" అంది. "కోళ్లని కొయ్యద్దన్నానేటి? నా బంగారుకోడిని ఒద్దన్నాను."