సూది తాకని బట్ట

మేముండే అల్ ముంతజా బిల్డింగు లిఫ్టులో ఎప్పుడూ ఊదు అత్తరు వాసన నిలిచే ఉంటుంది. పై అంతస్తు పెద్దాయన పొద్దున్నే దిగి వెళ్ళిపోతాడు, ఆయన వాసన మాత్రం మధ్యాహ్నం దాకా మమ్మల్నందరినీ పైకీ కిందికీ ఎక్కిస్తూ దింపుతూ ఉంటుంది. ఈ ఊళ్ళో వాసన లేనిదేదీ లేదు. దుకాణాల గుమ్మాల్లో ధూపం, ట్యాక్సీ అద్దానికి వేలాడే అట్టముక్క, ఆఖరికి నేను పనిచేసే మాల్‌లో బట్టలకు కూడా ఏదో ఒకటి కొట్టి మరీ తగిలిస్తారు, కొన్నవాళ్ళు అది చూసి మురిసిపోయి మొదటి ఉతుకులోనే పోగొట్టుకుంటారు. అందుకేనేమో, మా మంచం కింది రేకుపెట్టె మూత తీసినప్పుడు వచ్చే వాసన గురించి ఎవరికీ చెప్పలేను. అది ఎండకు ఆరిన నూలు వాసన, ఇంకేమీ కాదు. ఆ పెట్టెలో ఇప్పుడు బట్ట కూడా లేదు. అయినా పనిలేని శుక్రవారం పూట దాన్ని బయటికి లాగి, మూత తీసి, కాసేపు ముక్కు పెట్టి, మళ్ళీ లోపలికి నెట్టేస్తాను.

నా చిన్నతనమంతా ఇదే ఊళ్ళో, నజ్మా అనే పేటలో గడిచింది. అమ్మ అక్కడి ఒక క్లినిక్కులో నర్సు, ఆమె కొలువు వల్లనే మాకు ఫ్యామిలీ వీసా. బాపు దర్జీ, మా గదుల కింద, హోటలుకూ మనీ ఎక్స్ఛేంజికీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న కొట్టులో ఇంకొకరి లైసెన్సు మీద మిషను పెట్టుకుని కుట్టేవాడు. మాది దూదేకుల ఇల్లు. మా తాత కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి, కాబట్టి నమాజు అరబ్బీలోనూ మిగతాదంతా తెలుగులోనూ జరిగేది మా ఇంట్లో. హైదరాబాదు పిల్లలు నా దక్కనీ విని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. అమ్మ నాకు అక్షరాలు గోధుమపిండి పరిచిన పళ్ళెంలో వేలు పట్టుకుని దిద్దించింది, దిద్దడం అయ్యాక ఆ పిండితోనే రొట్టెలు చేసేది, అట్లా నేను అ ఆలు చాలామటుకు తినేశాను. ఊళ్ళో బంధువులకు మేం ఈనాటికీ దుబాయ్‌లోనే ఉన్నాం. ఖతర్ అని చెప్పి చెప్పి విసిగిపోయి చివరికి అమ్మే దుబాయ్ అనడం మొదలుపెట్టింది.

బాపు కొట్టుకు కొత్త బట్ట కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు తక్కువ. శుక్రవారాలు కూలీల క్యాంపుల నుంచి బస్సుల్లో దిగే మన జిల్లాలవాళ్ళు, ప్లాస్టిక్ సంచుల్లో చొక్కాలు పట్టుకుని వరసగా నిలబడేవాళ్ళు. మెడ దగ్గర అరిగిపోయిన కాలర్‌ను విప్పి, తిప్పి, లోపలి వైపు బయటికి వచ్చేట్టు కుట్టడంలో బాపును మించినవాడు లేడు. ప్యాంటు మోకాలు చిరిగితే నిక్కరు, నిక్కరు చినిగితే సంచి, సంచి పోతే మిషను తుడిచే పేలిక, పేలికలన్నీ చేరితే దిండు. మా ఇంట్లో ఏ దిండు మీద పడుకున్నా ఎవరో ఒక తెలియని మనిషి చొక్కా మీద పడుకున్నట్టే లెక్క. కత్తెర పెట్టే ముందు ప్రతిసారీ బిస్మిల్లా అని, బట్టను అరచేత్తో ఒకసారి నిమిరేవాడు. "బట్టకు గూడ ఆయుష్షు రాసుంటది బిడ్డా. అది తీరకముందే మనం తుంచితె రేపు మనల్నే అడుగుతరు" అనేవాడు. ఎవరు అడుగుతారని నేనెప్పుడూ అడగలేదు. పైనుంచి అని అర్థమయ్యేది, పై అంతస్తులో ఇంటి ఓనరు ఉండేవాడు కాబట్టి చాలాకాలం ఆయనే అనుకున్నాను.

ఆ కొట్టులో, గోడకు కొట్టిన అరమీద, బాపు ఎన్నడూ సూది పెట్టని బట్ట ఒకటి ఉండేది. మక్కాకు ఉమ్రా యాత్ర పోయే మగవాళ్ళు కట్టుకునే ఇహ్రాం అది. నడుముకొకటి, భుజానికొకటి, కుట్టులేని రెండు తెల్లబట్టలు. బాపు ఊరు విడిచి వచ్చేటప్పుడు మా పక్కింటి రాజేశం మామ తన మగ్గం మీద నేసి ఇచ్చాడట. పద్మశాలి ఇంటి అలవాటు కొద్దీ కొత్తబట్టకు ఒక కొసన పసుపు పెట్టి మరీ చేతిలో పెట్టాడట. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ పసుపు పూర్తిగా పోలేదు, వెలిసి వెలిసి ఒక మూల లేత నీడలాగా మిగిలింది. అంచులు పోగులు పోగులుగా ఊడుతున్నా బాపు మడిచి కుట్టనిచ్చేవాడు కాదు. అంచు కుడితే తప్పులేదని మౌల్వీ సాబ్ చెప్పినా వినలేదు. రోజంతా సూదితో బతికే మనిషికి సూది తాకనిది ఒక్కటన్నా ఉండాలె గదా అనేవాడు. తను ఒకసారి అది కట్టుకుని మక్కాకు పోయి వచ్చాడు, వచ్చినప్పటి నుంచి ఒక్కటే మాట. తను పోయిన రోజు కఫన్‌గా తనకు అదే చుట్టాలని. ఈ మాట అన్నం తింటూ, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పేవాడు.

అంత దాచుకోవలసిన బట్టను అడిగినవాళ్ళందరికీ ఇచ్చేవాడు, అదే మా అమ్మకు అంతుపట్టేది కాదు. ఉమ్రా బస్సు పోతోందంటే చాలు, నిజామాబాదువాళ్ళో, జగిత్యాలవాళ్ళో ఎవరో ఒకరు మెట్లమీద చెప్పులు విడిచేవాళ్ళు. అమ్మ పొద్దుటి నుంచి రొట్టెలు కాల్చి, చిదిమి, బెల్లమూ నెయ్యీ యాలకులూ వేసి మలీద ముద్దలు కట్టేది. ఇల్లంతా బెల్లం వాసన, అమ్మ చేతులు జిడ్డు, నా చూపు ముద్దల మీద. పోయేవాళ్ళకు డబ్బా నింపాక గిన్నెకు అంటినది నాది. బట్ట మాత్రం తిండికి దూరంగా, వేరే సంచిలో పెట్టేవాళ్ళు, ఎందుకంటే ఇహ్రాంకు ఏ సువాసనా తగలకూడదు. తిరిగి వచ్చాక అమ్మ దాన్ని వాసన లేని బిళ్ళ సబ్బుతో ఉతికేది, మేడమీద ఆరేసేది, పోగులు కత్తిరించే పని నాకు ఇచ్చేది. చలికాలం ఎండలో నేనూ పక్కింటి మలయాళీ పిల్లా దర్జీ సుద్దతో అష్టాచెమ్మ గీసుకుని, తెగిన గుండీలు పావులుగా ఆడుతుంటే, నెత్తిమీద ఆ తెల్లబట్ట టపటపా కొట్టుకుంటూ ఉండేది. అంత సుఖం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఒక ఏడు సలీమన్న వచ్చి అడిగాడు. ఆర్మూరు మనిషి, వాటర్ ట్యాంకరు డ్రైవరు, బాపుకు తమ్ముడి లెక్క. బట్ట ఇచ్చాడు బాపు, మలీద ఇచ్చింది అమ్మ, బస్సు పోయింది. రెండోనాడు పొద్దున మిషను చప్పుడు ఆగింది. పై గదిలో మాకు ఆ చప్పుడు ఎప్పుడూ వినిపిస్తూనే ఉండేది కాబట్టి ఆగడమే వినిపించింది. అమ్మ చేతిలో గరిటతోనే కిందికి పరుగెత్తింది. ఆమె నర్సు గదా, ముట్టుకోగానే తెలిసిపోయిందట. బాపు మిషను మీద తల ఆనించి, సగం తిప్పిన కాలర్‌ను రెండు వేళ్ళ మధ్య పట్టుకునే ఉన్నాడు.

మరునాడు అసర్ నమాజు తర్వాత మట్టి చేయాలని తేలింది. అప్పుడు అందరికీ ఆ బట్ట గుర్తొచ్చింది. సలీమన్న బస్సు రావడానికి ఇంకో రోజు పడుతుంది. హోటలు ఓనరు ఫోను చేతిలో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లే, ఒక్క మాట చెప్తె సలీం ఏదో ఒక కారు పట్టుకొని వస్తడు. ఒక్కరోజు ఆపుదాం. అన్న ఆఖరి కోరిక గదా."

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది. "ఆ బట్ట ఇప్పుడు ఒకరి ఒంటి మీద ఉన్నది భాయ్. ఒంటి మీది బట్ట గుంజుకుంటమా? ఆయనైతె గుంజుతుండెనా? సలీమ్‌కు ఫోన్ చెయ్యకుండ్రి. వాని ఉమ్రా వాన్ని చేసుకోనీండ్రి."

బాపుకు ఎవరో ఇచ్చిన కొత్తబట్ట చుట్టారు. మడతల గీతలు ఇంకా పోలేదు. దగ్గరికి వంగితే కర్పూరం, ఏదో ఘాటైన అత్తరు, బాపు వాసన ఎంత వెతికినా దొరకలేదు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది, అమ్మ మీద. బాపు ఇతరుల బట్టల కోసం బతుకంతా వంగి కూర్చున్నాడు, తన ఒక్క బట్ట తనకు దొరకలేదు, దొరకకుండా చేసింది ఈమె అనుకున్నాను. ఆ కోపం చాలా ఏళ్ళు ఉంది, ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

మట్టి అయిన మరునాడు సలీమన్న వచ్చాడు. కొట్టు మూసి ఉండడం చూసి పైకొచ్చాడు. చంకలో సంచి, చేతిలో ఖర్జూరం డబ్బా, ముఖంలో వెలుగు. గదిలో మమ్మల్ని చూశాక ఆ వెలుగు ఎటు పోయిందో పోయింది. బట్టను మక్కాలోని జంజం బావి నీళ్ళలో ముంచి ఆరబెట్టి తెచ్చాడు, అన్న సంతోషపడుతాడని. దాన్ని కింద పెట్టలేక, ఎవరికీ ఇయ్యలేక, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అన్నం పెట్టినాక ఒక మాట చెప్పాడు.

"వదినా, మొన్న పొద్దుగాల కాబా సుట్టు తవాఫ్ చేస్తుంటె ఎనుకనుంచి ఎవరో నా బట్ట కొస పట్టుకున్నరు. ఎవరో ముసలాయన, తప్పిపోతనని పట్టుకున్నడనుకున్న. మెల్లగ నడిసిన. శానసేపు పట్టుకునే ఉన్నడు. తిరిగి చూస్తె అందరు కొత్తోళ్ళే."

మొన్న పొద్దున అంటే మిషను చప్పుడు ఆగిన పొద్దున. అమ్మ నీళ్ళగ్లాసు కింద పెట్టింది. "ఏ కొస?"

"పసుపు కొస."

అమ్మ గరిట అందుకుంది. అన్నం చాలా, ఇంకొంచెం వేయనా అంది. నేను మాత్రం ఆ రోజు నుంచి భయపడడం మొదలుపెట్టాను. మేడమీద ఆరేస్తే గాలికి ఆ బట్ట ఉబ్బి, భుజాలు వచ్చి, వంగిన నడుము వచ్చి, గాలి ఆగగానే చప్పున ఖాళీ అయ్యేది. నేను గుండీలు అక్కడే వదిలేసి మెట్లు దిగేదాన్ని. బాపు ఆ కొత్తబట్టలో చలికి ముడుచుకుని ఉన్నాడని, తన బట్ట కోసం వెతుక్కుంటున్నాడని అనిపించేది. అమ్మ దాన్ని దాచిపెడుతుందనుకున్నాను, ఆమె మునుపటి లాగే అడిగినవాళ్ళకల్లా ఇచ్చింది. సంచి పట్టుకుని మెట్లు దిగే ప్రతి మనిషి వీపూ కింది మలుపు దగ్గర బాపు వీపు అయ్యేది. కొంచెం ఎడమకు ఒరిగి, మిషను దగ్గర కూర్చుని కూర్చుని వంగిపోయిన ఆ వీపు. పిలవాలని నోరు తెరిచేదాన్ని, భయమేసి మూసేదాన్ని. పెళ్ళయ్యాక కూడా, ముంతజాకు మారాక కూడా, అమ్మ నా దగ్గరే ఉండడం వల్ల అడిగేవాళ్ళు ఇక్కడికీ వచ్చారు, ఆ వీపూ వచ్చింది. మా ఆయనకు చెబితే వాళ్ళను లిఫ్టులో పొమ్మనమన్నాడు, మెట్లుంటేనే గదా మలుపు అని. అమ్మ లిఫ్టు ఎక్కనిచ్చేది కాదు, ఊదు అంటుతుందని.

మెల్లగా అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడు ఇహ్రాం ప్యాకెట్‌లో వస్తుంది, బెల్టూ చెప్పులూ అన్నీ అందులోనే. ఒకసారి కట్టుకుని హోటలు గదిలో వదిలేసి వచ్చేవాళ్ళూ ఉన్నారు. మా మాల్‌లో పాత బట్టలు వేయమని ఒక పచ్చ డబ్బా పెట్టారు, భూమికి మేలట. జనం నాలుగుసార్లు కూడా తొడగని చొక్కాలు అందులో వేసి, ఆ పుణ్యంతో ఇంకో రెండు కొనుక్కుని వెళ్తారు. డబ్బా నిండితే ఖాళీ చేయించేది నేనే. అరిగిన కాలర్ నాకు అందులో ఒక్కటీ కనబడలేదు.

పోయిన చలికాలం అమ్మ పోయింది. జ్వరం పట్టిన నాలుగు రోజుల్లో ఒక మధ్యాహ్నం, పెట్టె దిక్కు చూస్తూ, "అది ఇప్పుడు ఎవరి ఒంటి మీద లేదు గదా బిడ్డా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "అయితె నాకు చుట్టు" అంది. ఆడవాళ్ళ కఫన్‌కు ఆ రెండు బట్టలూ చాలవు, మిగతావి కొన్నాం. పసుపు కొస ఉన్న బట్టను మాత్రం నేనే పట్టుబట్టి ఆమె గుండెకు దగ్గరగా చుట్టించాను. ఇన్నేళ్ళూ ఆమె కూడా దాని కోసం ఎదురుచూసిందని అప్పుడు తెలిసింది. అడిగినవాళ్ళు ఉన్నంతకాలం తన వంతు రానియ్యలేదు, అంతే. నా కోపం అక్కడే తెగిపోయింది.

పోయిన నెల ఒక శుక్రవారం తలుపు కొట్టిన చప్పుడైంది. నెత్తిన అక్కడక్కడా నెరిసిన మనిషి, కంపెనీ చొక్కా, చేతిలో చెప్పులు.

"అక్కా, నేను ఆర్మూరోన్ని. ఊర్లె సలీం చిచ్చా చెప్పిండు. మీ ఇంట్ల ఒక బట్ట ఉంటదట, అడిగితె ఇస్తరట. ఎల్లుండి బస్సు."

లేదు, మట్టిలో ఉంది అని చెప్పాలి. నోటికి వచ్చింది మాత్రం వేరే. "అది ఇప్పుడు ఒకరి ఒంటి మీద ఉన్నది తమ్మీ."

"మళ్ళెప్పుడు వాపసొస్తది?"

"ఏమో."

అతను పరవాలేదక్కా అని, నన్నే ఓదార్చినట్టు నవ్వాడు. ఊరికే పంపలేక కూర్చోమని, రొట్టెలు కాల్చి, బెల్లం చిదిమి, మలీద ముద్దలు కట్టి డబ్బా చేతికిచ్చాను. అతను మెట్లు దిగుతుంటే అలవాటుగా గుమ్మంలో నిలబడి కింది మలుపు దాకా చూశాను. వీపు నిటారుగానే ఉంది. ఎవరో ఆర్మూరు మనిషి వీపు. ఇన్నేళ్ళుగా ఏ భయం పోవాలని కోరుకున్నానో అది పోయింది, దానితో పాటు బాపు కూడా పోయాడు. ఇంక రాడు. ఆ మలుపు దగ్గర ఒక్కసారి నోరు తెరిచి పిలిచి ఉంటే బాగుండేది.