కళ్ళద్దాల్లో గోడ

మా అంగడి వెనక సందులో ఈ మధ్య కార్లకు రంగు కొట్టే షెడ్డు పెట్టారు. మధ్యాహ్నం గాలి ఇటు తిరిగితే థిన్నర్ వాసన గల్లాపెట్టె దాకా వస్తుంది. ఆ వాసనకు నాకు పదేళ్ళ వయసు తిరిగొస్తుంది. అంతే, ఏడుపు గానీ నవ్వు గానీ రావు.

ప్రొద్దుటూరులో మాది స్టీలు సామాన్ల అంగడి. ఎండాకాలం పెన్నా ఇసక వడగాలిలో కలిసొచ్చి ప్రతి తపేలా మీదా పొరలా కూర్చుంటే నాన్న పాత పంచె ముక్కతో పొద్దస్తమానం తుడుస్తూనే ఉండేవాడు. అవ్వ గడపలో కూర్చుని నాతో గుంటలాట ఆడి, నా చింతగింజలన్నీ గెలిచి, మళ్ళీ వాటిని నాకే అమ్మేది. పొద్దున ఉగ్గాని బజ్జీ, ఉగాదికి ఓళిగలు, రంజానుకు పక్కింటి సేమ్యా, అన్నీ ఆ స్టీలు వాసనలోనే తిన్నాం. వర్గాలవాళ్ళ జీపులు వేగంగా పోతే షట్టరు సగం దించడం, దుమ్ము అణిగాక ఎత్తడం మాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఎవరి ప్రాణం పోయిందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తెల్లారితే తెలిసేది. తెలిసినా తపేలా రేటు మారేది కాదు.

అంగడికి రోజూ వచ్చి ఏమీ కొనని మనిషి మాబు మామ ఒక్కడే. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా గోడల మీద పార్టీ గుర్తులు, నాయకుల కటౌట్లు ఆయనవే. రెండు పార్టీలకూ ఆయనే వేసేవాడు. రెండు వర్గాల ఇళ్ళలోనూ పురుడు పోసే మంత్రసాని మీద ఎట్లా చెయ్యి చేసుకోరో, పెయింటరు మీద కూడా అట్లాగే చేసుకోకూడదని అందరూ అనుకునే కాలం.

కువైట్‌లో ఉన్న బామ్మర్ది ఒకసారి ఆయనకు క్యాలెండరు ఒకటి తెచ్చిచ్చాడు. అందులో జపాన్ చిత్రకారుడెవరో వేసిన రోబో బొమ్మలు, ముట్టుకుంటే వేళ్ళకు చల్లగా తగులుతాయేమో అనిపించే నిగనిగల ఇనుప ఆడమనుషులు. పేరు వాళ్ళ లిపిలో ఉండటంతో ఆయన మాకు జపానాయన అయ్యాడు. బామ్మర్ది చెప్పింది కొంత, తను కల్పించుకున్నది కొంత కలిపి మాబు మామ ఆయన కథ చెప్పేవాడు: మొదట కంపెనీల ప్రకటనలకు చెప్పిన బొమ్మే వేసేవాడట, ఎవరో రోబో కావాలంటే వేశాడట, ఆ తర్వాత లోకమే ఆయన దగ్గరికొచ్చి ‘నీకేది ఇష్టమైతే అది వెయ్యి’ అందట. ఈ చివరి మాట దగ్గర మాబు మామ గొంతు తగ్గేది.

ఆ నిగనిగ పట్టుకోవడానికే ఆయన మా బిందెల ముందు గొంతుక్కూర్చునేవాడు.

“ఈడ సూడు పాపా, స్టీలుకు సొంత రంగే లేదు. ఎదురుగా ఏముంటే అదే దాని రంగు. జపానాయన కిటుకు ఇదే.”

“అయితే నీ మొగమే ఏసుకో, సరిపోతాది,” అంది అవ్వ.

“నా మొగం ఎవురు కొంటారవ్వా?”

కొన్నాళ్ళకు మా షట్టరు మీద చంకలో బిందెతో ఇనుప ఆడమనిషి లేచింది. ఎవరూ చెప్పకుండా ఆయన వేసిన బొమ్మ అదొక్కటే. వీరపునాయునిపల్లె నుంచి పెళ్ళి సామాన్లకు వచ్చినవాళ్ళు కూడా నిలబడి చూసేవాళ్ళు. కూలి ఇస్తానని నాన్న అంటే వద్దన్నాడు. నాన్న రెండోసారి అనలేదు, మేమంతే.

ఎలక్షన్లు వచ్చాయి. జమ్మలమడుగు వైపు నాయకుడొకాయన కటౌటు పని మాబు మామకు వచ్చింది. తల ముక్కను మా అంగడి స్తంభానికి ఆనించి వేశాడు. ఆ నాయకుడు నల్ల కళ్ళద్దాలు లేకుండా బయటికి రాడు. మాబు మామ మనిషినంతా ఎప్పటిలాగే వేసి, అద్దాలను మాత్రం జపానాయన పద్ధతిలో వేశాడు: పైన ఆకాశం, కింద దుమ్ము రోడ్డు, నడుమ ఎదుటి గోడ. ఆ గోడ మీద అవతలి పార్టీ గుర్తు ఉంది, అంతకు ముందు తనే వేసినది. అద్దంలోకి అది కూడా చక్కగా దిగింది. ఏ గుర్తో ఇప్పుడు కూడా చెప్పను, రెండు పార్టీలవాళ్ళూ మా దగ్గరే కొంటారు. కటౌటు నిలబెట్టాక కింద నుంచి చూసిన ఎవరికీ అది కనపడలేదు. సభ రోజు పూలదండ వేయడానికి నిచ్చెన ఎక్కినవాడికి కనపడింది.

మర్నాడు పొద్దున్నే ఆ నాయకుడి మనుషుల జీపు మా అంగడి ముందే ఆగింది. మాబు మామ అప్పటికే లోపలి గదిలో, పెళ్ళి వంటలకు వాడే పెద్ద అండాల వెనక దాక్కుని ఉన్నాడు. వచ్చినవాళ్ళలో పెద్దవాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“శెట్టీ, మాకు వాని కుడిచెయ్యి కావాల.”

“తీస్కపోయి ఏం చేస్తారప్పా, ఉప్పేసి ఊరబెడ్తారా?” నాన్న తపేలా తుడవడం ఆపలేదు.

“ఎగతాళి చేస్తాండావా?”

“బేరం చేస్తాండా. వాడింగ ఊర్లో ఉండడు.”

“సాలదు.”

“ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, యాడా కుంచె పట్టడు.”

“ఈడే కాదు. బతికినన్నాళ్ళు యాడా పట్టగూడదు.”

నాన్న చేతిలో గుడ్డ ఆగింది. నేను లోపలికి చూశాను. ఒక అండా పొట్ట మీద మాబు మామ నీడ పొడుగ్గా, వంకరగా సాగి ఉంది. తల ఊపాడో లేదో తెలియలేదు.

“పట్టడు,” అన్నాడు నాన్న.

“ఆ షట్టరు మీద బొమ్మ గూడా పోవాల.”

“పోతాది. టీ తాగండి.”

తాగారు. మధ్యాహ్నానికల్లా ఇనుప ఆడమనిషి మీద బూడిద రంగు పడింది. సాయంత్రం మైదుకూరు వాళ్ళు వచ్చి పెళ్ళి సామాను తీసుకున్నారు. మాబు మామ కువైట్ పోయేటప్పుడు అవ్వ చెనిక్కాయల పొడి కట్టిచ్చింది. ఎవరూ ఏడవలేదు. తర్వాత నేను ఎన్ని బేరాలు చేశానో, నలుగురిలో ఎన్ని గొప్పలు పోయానో గానీ, ఆ బేరంలో గెలిచింది ఎవరో ఇంకా తేల్చుకోలేదు.

ఇప్పుడు ఊరంతా ఫ్లెక్సీలే. నాయకుడు సందుకొకడున్నా, చేత్తో వేసిన ముక్కు ఒక్కటీ లేదు. అవ్వ లేదు, నాన్న లేడు. ఆ జీపులో వచ్చినవాళ్ళూ లేరు. వాళ్ళ నాయకుడి కొడుకు అవతలి పార్టీలో ఉన్నాడు.

పోయిన చలికాలం మాబు మామ తన కూతురి పెళ్ళికి అండా కొనడానికి వచ్చాడు. కువైట్‌లో ఇన్నేళ్ళూ డ్రైవరు పని చేశాడట. ఫోనులో జపానాయన బొమ్మలు వెతికి చూపించాను.

“ఇంగా ఏస్తాండాడా?”

“ఏస్తాండాడు మామా. ముసలోడయినాడు.”

“మంచిది. దీనికి మూత ఉందా?”

పెళ్ళి సామాను మీద పేరు చెక్కించడం ఇక్కడ ఆచారం. చెక్కే మిషన్ పెన్నులా ఉంటుంది. ఆన్ చేసి ఆయన ముందు పట్టాను.

“నీ చేత్తో రాయి మామా. అడిగేటోళ్ళు ఎవరుండారు ఇప్పుడు?”

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

“మీ నాయన మాటిచ్చినాడు గదమ్మా. నువ్వే రాయి.”

కూతురి పేరు చెప్పాడు. నేను చెక్కాను. వంకర టింకరగా వచ్చిన అక్షరాలను దగ్గరగా వంగి చూసి, బాగుండాయి అన్నాడు.