ఈల వేస్తే దిగొస్తారట

వంటింట్లో నా కూతురు కొత్తగా నేర్చుకున్న ఈల వేస్తోంది. మా అమ్మ వింటే, దీపాలు పెట్టాక ఈలేమిటి, పాములొస్తాయని కసిరేది. నాకు మాత్రం కరుణక్క గుర్తొస్తుంది.

కరుణక్కది నరసాపురం. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మా పై అంతస్తులో ఉండేది. నర్సు. అంతకు ముందు నార్వేలో పనిచేసింది. నా మొదటి బిడ్డ, ఆడపిల్ల, ఊపిరి లేకుండానే పుట్టినప్పుడు ఫోన్లో అందరిదీ ఒకటే మాట: మర్చిపో, మళ్లీ పుడతారులే. ఆ మాటెత్తితే ఎక్కడ ఏడుస్తానోనని మా ఆయన నోరే విప్పేవాడు కాదు. పిల్ల ఎవరి పోలిక అని అడిగింది కరుణక్క ఒక్కతే. నా ముక్కే వచ్చిందని చెప్పి, ఆవిడ కలిపిపెట్టిన చారన్నం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ రోజే నార్తర్న్ లైట్స్ సంగతి ఎత్తింది, ధ్రువం వైపు రాత్రిళ్లు ఆకాశంలో కనిపించే రంగు వెలుగులవి. నార్వే ఆసుపత్రిలో గ్రీన్‌లాండ్ ముసలావిడ ఒకామె చెప్పిందట, ఉత్తరాన ఆకాశంలో ఆ రంగులు కదిలాయంటే పుట్టగానే పోయిన పిల్లలు ఆడుకుంటున్నట్టేనట. ఈల వేస్తే కిందికి దిగొస్తారట, అందుకే అక్కడ ఎవర్నీ ఈల వేయనివ్వరట. ఫిన్లాండ్ వాళ్లేమో నక్క తోకతో మంచు చిమ్మితే ఆ మెరుపులంటారని చెప్పి నన్ను నవ్వించబోయింది. నాకు ఒళ్లు మండింది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషివి, ఇవన్నీ నమ్ముతావా అని దులిపేశాను.

"నమ్మడం సంగతి తర్వాత. ఆ కథ పుట్టించింది మటుకు బిడ్డ పోయిన తల్లే అయ్యుంటదే. చీకట్లో ఒంటరిగా పడుందనుకోలేక, ఆడుకుంటందని చెప్పుకునుంటది" అంది కరుణక్క.

ఆ చలికాలం ఒక సాయంత్రం, డ్యూటీ నుంచి వస్తూనే మా తలుపు కొట్టి, కోటు తొడుక్కోమని, ఊరి చివరి పొలాల దగ్గరికి లాక్కెళ్లింది. మా వైపు ఆ లైట్స్ కనిపించడమే అపురూపం. ఉత్తరాన ఆకాశం కుంకుమ కలిపిన నీళ్లలా ఎర్రబడి మెల్లగా కదులుతోంది. కుక్కతో వచ్చిన ఓ పెద్దాయన, వాళ్ల నానమ్మ దీన్ని యుద్ధానికి శకునమనేదని చెప్పి, తలాడిస్తూ వెళ్లిపోయాడు. శకునమైతే నాకేం? నాకు జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది.

ఈల వేయబోయాను. ఉత్త గాలే వచ్చింది. కరుణక్క నా వంక చూసింది. గ్లవ్స్ తీసి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, పొలాలు దద్దరిల్లేలా ఈల వేసింది.

"పేరేం పెట్టావే?"

అప్పటిదాకా ఎవరికీ చెప్పని ఆ పేరు పెట్టి నా బిడ్డను నోరారా పిలిచాను.

కరుణక్క పోయిన ఏడాది పోయింది. ఆ పొలాల్లో పిలిచిన నా బిడ్డ పేరు మాత్రం మా ఇంట్లో రోజూ వినిపిస్తుంది, నా కూతురికీ తెలుసు. ఇప్పుడది ఈల ఆపేసి, తిడతానేమోనని నా వైపు చూస్తోంది. లేచి ఉత్తరం వైపు కిటికీ తెరిచాను.

"ఇంకొంచెం గట్టిగా వెయ్యమ్మా, మీ అక్కకి వినపడాలి."