పసుపు గీత

మా ప్రయోగశాలలో నాకంటే ముందు చేరిన ఒక అక్క ఉండేది. రోజూ ఆళ్ళగడ్డ నుంచి బస్సులో నంద్యాల కాలేజీకి వచ్చేది. గాలిలో కరెంటు మెరుపులా దూకినప్పుడు ఏయే రంగుల వెలుగు వస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె పరిశోధన. ఆ లెక్క సరైనదో కాదో చూడడానికి రెండు ఇత్తడి సూదుల మధ్య నిజంగానే నిప్పురవ్వ పుట్టించేది. రవ్వ వణకకూడదని ముందుగా ఫ్యాను ఆపేసి, "ఉండప్పా, గాలి ఏం చెప్తాదో చూద్దాం" అనేది. ప్రతిసారీ అదే మాట. నంద్యాల ఎండల్లో ఫ్యాను ఆపేవాళ్ళ మీద ఇష్టం కలగడం కష్టం. అయినా నాకు కలిగింది.

నిజం రవ్వ వెలుగును రంగులుగా విడగొట్టి చూస్తే, లెక్కలో లేని పసుపు గీత ఒకటి ఎప్పుడూ కనబడేది.

"అది చెరిపేసి పేపరు పంపించమ్మా, గడువు దగ్గర పడ్తాంది" అన్నారు మా గైడు సారు.

"యాడ నుంచి వస్తాందో తెలీకుండా ఎట్ల చెరిపేది సార్?" అని అక్క మొండికేసింది.

ఒక మధ్యాహ్నం సూదులు సరిచేస్తూ తన వేళ్ళకేసి చూసుకుంది. చెమట కారుతోంది. వెంటనే సూదుల్ని స్పిరిటుతో తుడిచి, పట్టకారుతో పట్టుకుని బిగించింది. ఈసారి పసుపు గీత రాలేదు. ఇన్నాళ్ళూ పసుపుగా వెలిగింది గాలి కాదు, మా చెమటలోని ఉప్పు.

శుభ్రమైన గ్రాఫు సారుకిచ్చి, గీత ఉన్నదాన్ని తన బల్ల ముందు గోడకు అంటించుకుంది.

"తప్పుదాన్ని ఎందుకక్కా పెట్టుకున్నావ్?" అన్నాను.

"తప్పేందప్పా? దాంట్లో మనం ఉండాం" అంది, ఫ్యాను వేస్తూ.