తెప్ప ఎక్కిన ఆడవాళ్ళు

డిగ్రీ రెండో ఏడు చరిత్ర క్లాసులో ప్రతి ఒక్కరూ సెమినార్ ఇవ్వాలి. మొదటిసారి నేను బోర్డు పక్కన నిలబడి, కాగితం వైపు చూస్తూ, ఒక్క ముక్కా పలకకుండా వచ్చి కూర్చున్నాను. ఈసారీ అదే జరిగితే మార్కులు వేయనని మాస్టారు ముందే చెప్పేశారు. పుస్తకాలు ఎన్నైనా చదివేదాన్ని. చదివింది నలుగురిలో చెప్పమంటేనే గొంతు పెగిలేది కాదు.

నాకిచ్చిన అంశం, ఆస్ట్రేలియాకు మొదటి మనుషులు ఎలా చేరారు అన్నది. సముద్ర మట్టం ఇప్పటికన్నా బాగా కిందికి ఉన్న కాలంలో కూడా ఆసియాకూ దానికీ మధ్య నీళ్ళుండేవట. అంటే ఏదో ఒకదాని మీద తేలుతూనే రావాలి. చేపలకు వెళ్ళినవాళ్ళు గాలికి కొట్టుకుపోయి అక్కడ పడ్డారని ఒక వాదం. కావాలనే బయల్దేరారని రెండోది. మాస్టారిది మొదటి వాదం. నేనూ దాన్నే కాగితం మీద రాసుకుని, ఆదివారం పొద్దున్న మల్కాపురంలో మా ఇంటి గుమ్మంలో కూర్చుని బట్టీ పడుతున్నాను.

చేపలమ్మే అప్ప వచ్చి గంప దింపింది. అమ్మ గిన్నె కోసం లోపలికి వెళ్ళింది.

“ఏటి పాపా, పెదాలు కదుపుతన్నావు, మాట రాదు. మంత్రమేటి?”

ఆమె దగ్గర నాకు సిగ్గుండేది కాదు. విషయమంతా చెప్పాను.

“గాలికి కొట్టుకుపోడం నిజమే. మా మావ అలాగే పోయి ఎక్కడో ఒడ్డెక్కి, మూడో నాడు బస్సులో దిగినాడు.”

“అలాగే వాళ్ళూ...”

“ఉండు. ఆ తెప్ప మీద ఎవులున్నారు? మావ, మరిది, మా అయ్య. మా ఇళ్ళల్లో ఆడోళ్ళు తెప్పెక్కరు. గాలికి పోతే మగోళ్ళే పోతారు. ముగ్గురు మగోళ్ళు దీవికి సేరితే ఏటవుద్ది? వంట నువ్వు సెయ్యంటే నువ్వు సెయ్యని కొట్టుకు సస్తారు. పిల్లల్నెవులు కన్నారు?”

కాగితం మళ్ళీ చూసుకున్నాను, అందులో ఆడవాళ్ళ మాటే లేదు.

“ఆడది తెప్పెక్కిందంటే పిల్లనీ, కుండనీ, నిప్పునీ సర్దుకునే ఎక్కుద్ది. అది గాలికి పోడమా?”

అమ్మ గిన్నెతో వచ్చింది. “నీ కబుర్లకేం గానీ, కానగంత చేపలు తాజావేనా?”

“నీ కూతురి పాఠం కన్నా తాజావేనమ్మా.”

మర్నాడు కాగితం పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డాను. మొదటి వాదం గబగబా చదివేసి, “కానీ” అన్నాను. మాస్టారు తలెత్తారు. ఆగితే మళ్ళీ మాట రాదని తెలిసి, ఆడవాళ్ళ సంగతంతా ఒక్క ఊపున చెప్పేశాను.

“ఇది ఏ పుస్తకంలోది?” అని అడిగారు మాస్టారు.

“పుస్తకం కాదండీ. మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ చెప్పింది.”

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. “మన ఒడ్డున ఉన్న ఆచారం అక్కడ, ఆ కాలంలో ఎందుకుంటుందమ్మా? అక్కడి ఆడవాళ్ళూ చేపలకు వెళ్ళేవారేమో.”

నిజమే. అది నాకు తట్టలేదు. కూర్చోబోయాను గానీ, ఇంకో మాట నోటికి వచ్చేసింది. “వెళ్ళినా ఒక్క తెప్పలో ఎందరు పడతారండీ? ఆ కొద్దిమందితోనే వంశాలు నిలుస్తాయా? చాలా తెప్పలు వెళ్ళి ఉండాలి. అన్నిటినీ గాలే తీసుకెళ్ళిందా?”

మాస్టారు ఏదో అన్నారు, దానికి నేనూ ఏదో అన్నాను. కాగితం ఎప్పుడు బల్ల మీద పెట్టేశానో తెలియదు. బెల్ కొట్టారు. తర్వాతి పీరియడ్ ఇంగ్లిష్ మేడం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“రెండు నిమిషాలు ఆగండి మేడం,” అన్నారు మాస్టారు. “ఈ అమ్మాయి ఆపడం లేదు.”