కెమెరా పట్టిన చెయ్యి

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. కర్నూలులో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నేను నర్సుని. అప్పట్లో ఊపిరితిత్తుల ఆపరేషనంటే ఛాతీ పక్కన జానెడుకు పైగా కోసి, పక్కటెముకలు విడదీసి చేసేవాళ్లు. మా సర్జన్‌గారు హైదరాబాదు వెళ్లి కొత్త పద్ధతి నేర్చుకొచ్చారు. పక్కటెముకల మధ్య మూడు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి పరికరాలు పంపి, టీవీ తెర చూస్తూ చేయడం. ఇప్పుడు పెద్ద నగరాల్లో ఆ కెమెరాను రోబో పట్టుకుంటుందట. అప్పుడు మనిషే పట్టుకోవాలి. మా దగ్గర రెండో సర్జన్ లేడు.

"మీ చెయ్యి వణకదు సిస్టర్. మీరే పట్టుకోవల్ల" అన్నారాయన.

రెండు నెలలు మధ్యాహ్నం భోజనాలయ్యాక సాధన చేశాం. మాంసం కొట్టు నుంచి గొర్రె ఊపిరితిత్తి తెప్పించి, అట్టపెట్టెలో పెట్టి, పెట్టెకు రంధ్రాలు చేసుకున్నాం. మొదట్లో నేను ఊపిరి పీల్చినా తెర మీద బొమ్మ ఊగిపోయేది.

మొదటి రోగి కోడుమూరు దగ్గర గొర్రెలు కాసే ఆమె. కుక్కల నుంచి వచ్చే పురుగు వల్ల ఆమె ఊపిరితిత్తిలో నిమ్మకాయంత నీటితిత్తి పెరిగింది. అది లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుంది. కోతకు భయపడి అంతకుముందు రెండుసార్లు ఇంటికి వెళ్లిపోయింది.

"చిన్న బొక్కలేనమ్మా. నేను పక్కనే ఉంటా" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొనే థియేటర్‌లోకి వచ్చింది.

మత్తు డాక్టరు ఆ వైపు ఊపిరితిత్తికి గాలి ఆపేశారు. అది ముడుచుకుంది. తిత్తిలో నీళ్లు చిందినా పురుగు వేరేచోట అంటకుండా సర్జన్‌గారు దాని చుట్టూ మందునీళ్లలో తడిపిన గుడ్డలు పరిచి, ఊపిరితిత్తి పైపొరను కొంచెం కొంచెంగా విప్పారు. ఉడికిన గుడ్డులా తెల్లగా తిత్తి కనిపించింది.

"ఇప్పుడు మెల్లగా గాలి ఇవ్వండి. సిస్టర్, కదలొద్దు."

ఊపిరితిత్తి ఉబ్బుతుంటే తిత్తి తనంతట తానే బయటికి జరుగుతోంది. నా భుజం మండిపోతోంది. కళ్లు తెర మీదే. చిల్లు పడకుండా అది జారి, కింద పట్టిన ప్లాస్టిక్ సంచిలో పడింది. సంచిలోనే దాని నీళ్లు లాగేసి, సంచితో సహా బయటికి తీశారు. తర్వాత ఛాతీలో నీళ్లు నింపి మళ్లీ గాలి ఇచ్చారు. గాలి కారుతున్న ఒకచోట బుడగలు లేచాయి. అక్కడ కుట్టు పడింది. మళ్లీ చూస్తే ఒక్క బుడగ లేదు. ఊపిరితిత్తి గులాబీ రంగులో తెరంతా నిండింది.

"గెల్చినాం!" అని అరిచారు సర్జన్‌గారు. నేను ఆయనతో పనిచేసిన పన్నెండేళ్లలో ఆయన గొంతు పెంచడం అదే మొదలు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మూడో రోజు ఆమె వార్డులో తనంతట తానే నడుస్తోంది.

"నొప్పి ఉండాదా అమ్మా?"

"ఉండాది గానీ ఊపిరి శానా బాగా ఆడతాండాది. నా లోపలంతా చూసింది నువ్వేనంట గదా సిస్టరమ్మా. ఎట్లుండె?"

"గులాబీ పువ్వు మాదిరి ఉండెనమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వి, పక్క మంచం ఆవిడను తట్టి లేపి ఆ మాట చెప్పింది.