దావత్ అన్న మాట

మా డ్రిల్ టీచరమ్మ ఇక లేరు. పోయిన గురువారం షాద్‌నగర్‌లో జ్వరంతో కన్నుమూశారట. నల్గొండ బస్టాండులో ఎదురుపడ్డ పాత స్నేహితురాలు చెప్పింది. "నీకెరుకలేదా? మన టీచరమ్మ పోయింది గదనే," అని నా చెయ్యి పట్టుకుంది. కాలేజీ వైపు పోయే బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. చీర కుచ్చిళ్లు వెనక్కి దోపి, మా ఆడపిల్లలతో ఫుట్‌బాల్ ఆడించిన మనిషి. రోజూ సాయంత్రం బంతి తోలుకు ఆముదం రాసి, పసిబిడ్డను తుడిచినట్టు తుడిచేవారు. మాకు బూట్లు లేవని తనూ చెప్పులు విడిచే గ్రౌండులోకి దిగేవారు. మోకాలు గీరుకుపోయి ఏడిస్తే, "ఏడువు బిడ్డా, ఎవలొద్దన్నరు? ఉరుక్కుంట ఏడువు," అనేవారు. ఉరుకుతూ ఏడవడం ఎంత కష్టమో! మధ్యలోనే నవ్వొచ్చేసేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు ఆమె ఉత్తరం ఊపుతూ క్లాసులోకి వచ్చారు. హైదరాబాదులో ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలు. పిలిచిన జట్లే ఆడాలి. సిలోన్ నుంచి, బర్మా నుంచి కూడా వస్తున్నారు. "మనకు దావత్ ఇచ్చిండ్రే పిల్లలూ!" అన్నారు. ఆమె ఉర్దూలో చదువుకున్నవారు. ఆమెకు దావత్ అంటే ఆహ్వానం. గొర్లు కాసుకునే మా ఇంట్లో దావత్ అంటే యాట కోసి పెట్టే విందు.

ఇంటికొచ్చి బాపుతో ఆ మాటే అన్నాను.

"హైదరాబాదుల దావతా? ఎవలింట్ల?"

"మా టీచరమ్మ తోలుకపోతది బాపూ."

"లగ్గమా?"

ఔననలేదు, కాదనలేదు. బాపు లోపలికి పోయి కొత్త గొంగడి తెచ్చి మడతపెట్టాడు. "ఉత్తచేతుల పోతే నగుతరు. పెండ్లిపిల్లకియ్యి," అన్నాడు.

ఒక మాటకు రెండు అర్థాలుంటాయని నాకు ఆ రోజే తెలిసింది. ఒకదాన్ని దాచుకోవడం కూడా ఆ రోజే నేర్చుకున్నాను.

"గొంగడెందుకే?" అని టీచరమ్మ అడిగితే, చలికి అన్నాను. సిలోన్ జట్టు చేతిలో ఓడిపోయాం. ఆట అయ్యేసరికి వాన. వాళ్ల జట్టు పిల్ల ఒకతె వణుకుతుంటే ఇద్దరం ఆ గొంగడి కప్పుకుని కూర్చున్నాం. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ పిల్ల ఉన్నిని వేళ్లతో తడిమి తడిమి నవ్వింది. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

తిరిగొచ్చేసరికి బాపు బడి గేటు దగ్గర ఉన్నాడు. ఎవరో చెప్పేశారు.

"దావతని జెప్పి, ఆడపిల్లకు నిక్కరేసి మంది నడుమ ఉరికిస్తవా? గిదేం సదువమ్మా? రేపటి సంది నా బిడ్డ బడికి రాదు!"

టీచరమ్మ నా వైపు చూశారు. ఒక్కసారే. నేను నేల చూపులు చూశాను.

"తప్పు నాదే అన్నా. దావతన్న మాట నాదే. నన్ను ఎంతన్న తిట్టు, పిల్ల సదువు మాత్రం ఆపకు," అన్నారు.

బాపు నా చదువు ఆపలేదు. నెల తిరగకముందే ఆమెను షాద్‌నగర్‌కు బదిలీ చేశారు. బంతి బీరువాలోకి పోయింది. వెళ్లే రోజు నా తల నిమిరి, "ఉత్తరం రాయి బిడ్డా. మంచి మాటలు దొరికినప్పుడే రాయి," అన్నారు. మూడేళ్లు మంచి మాటల కోసం పుస్తకాలన్నీ వెతికాను. నాకు కావలసినవి రెండే మాటలు: నేనే చెప్పలేదు. అవి రాయలేకపోయాను.

నిన్న పొద్దున బాపుకు అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. "మరి ఆమె ఎందుకు జెప్పలే?" అని మాత్రం అడిగాడు.

అప్పటికే మందను తోలుకుపోయే వేళ దాటింది. దొడ్డిలో గొర్లు అరుస్తున్నాయి. బాపు తడిక మీద చెయ్యి వేసి, దాన్ని తీయకుండా, అట్లాగే నిలబడిపోయాడు.